కోత కూడా సేద్యమే

వేసవి పెరటి గురించి ఎవరు మాట్లాడినా నీళ్ల దగ్గర మొదలుపెట్టి నీళ్ల దగ్గరే ఆపుతారు. ఎన్ని బిందెలు పోయాలి, పొద్దున పోయాలా సాయంత్రం పోయాలా, పచ్చ వల కట్టాలా వద్దా, పశువుల ఎరువు ఎంత, వేపపిండి ఎంత, విత్తనం ఏ రకం... ఈ చర్చలకు అంతు ఉండదు. కాయ కోయడం గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. కాశాక కోసుకోవడమే కదా, అందులో చెప్పడానికేముంది అనుకుంటారు. నాకు చెప్పాలని ఉన్నదంతా సరిగ్గా దాని గురించే. మా వైపు ఎండల్లో ఒక పెరడు ఏప్రిల్‌లోనే చేతులెత్తేస్తుందా, మే నెలాఖరు దాకా ఇంటికి కూర పెడుతుందా అన్నది నీళ్ల మీద ఎంత ఆధారపడి ఉంటుందో, మనం కాయను ఏ రోజు కోస్తున్నామన్న దాని మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది.

మా వైపు అంటే మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, బల్లార్పూర్. కాజీపేట నుంచి ఉత్తరాదికి వెళ్లే రైళ్లు దాదాపు అన్నీ మంచిర్యాల, కాగజ్‌నగర్ దాటి ఆగే బల్లార్షా స్టేషను మాదే. బొగ్గు గనుల కోసం, కాగితపు మిల్లు కోసం కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడ వీధివీధినా ఉన్నాయి. మాకు ఉగాది రోజే పక్కింటివాళ్లకు గుడిపాడ్వా. మా గోంగూరే వాళ్ల అంబాడీ భాజీ. కూరల దగ్గరికి వచ్చేసరికి రెండు భాషల వాళ్లం ఒకే మడిలో నిలబడతాం. ఎండ కూడా అందరికీ ఒకటే. ఏప్రిల్ రెండో వారానికి 42, 43 డిగ్రీలు మామూలు. మే నెలలో 46, 47 చూడని ఏడాది తక్కువ. దేశంలో అత్యంత వేడి నమోదైన ఊళ్ల జాబితాలో చంద్రపూర్ పేరు వేసవిలో తరచూ కనిపిస్తుంది. అదీ కోస్తాలోలాగా చెమట పట్టించే ఎండ కాదు, పొడి ఎండ. ఉతికిన చీర తీగ మీద ఆరేసి వెనక్కి తిరిగేలోగా ఆరిపోతుంది. అటువంటి గాలిలో ఆకు ఎంత నీరు వదులుకుంటుందో ఊహించుకోవచ్చు.

ఇలాంటి చోట మొక్క దగ్గర ఖర్చు పెట్టడానికి ఉన్నదే కొద్ది. ఆ కొద్దిని అది దేనికి ఖర్చు పెడుతోందన్నదే అసలు ప్రశ్న. బెండ అయినా బీర అయినా మన కూర కోసం కాయదు, తన గింజ కోసం కాస్తుంది. పిందె కాయగా మారుతున్నంత సేపూ దానికి కావలసింది ఎక్కువగా నీరే. లోపల గింజ ముదరడం మొదలయ్యాక లెక్క మారుతుంది. ఆకులు తయారుచేసిన చక్కెర అంతా ఆ గింజల వైపు మళ్లుతుంది. కొత్త చిగురు మందగిస్తుంది, కొత్త పిందెలు నిలవకుండా పసుపుబారి రాలిపోతాయి. దోస జాతి తీగల్లో ఈ గుణం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మొదట నిలిచిన ఒక్క కాయను ముదరనిస్తే చాలు, అదే తీగ మీద తరువాతి పిందెలు ఎదగవు. గింజ ముదిరితే మొక్కకు పని పూర్తయినట్టే. గింజ ముదరకముందే కోసేస్తే ఆ పని మిగిలిపోతుంది కాబట్టి మళ్లీ పూస్తుంది. నీళ్లు పుష్కలంగా ఉన్న వానాకాలంలో ఒకటి రెండు ముదురు కాయలను తీగ మోసుకుపోగలదు. మే నెల తీగకు ఆ శక్తి లేదు.

మా అత్తగారు ఈ మాట ఒప్పుకోరు. ఆవిడది సిరొంచ, గడ్చిరోలి జిల్లా కొస. మా బల్లార్పూర్ పక్కనుంచి పారే వార్ధా నది వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అయి, చివరికి సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. నీరు తీసిన ఇసుక మేటల మీద దోస, పుచ్చ, సొర పాదులు పెట్టే ఇంట్లో ఆవిడ పుట్టారు. పాదు పెట్టడంలో, తీగను పందిరికి ఎక్కించడంలో ఆవిడ చేతికి సాటి లేదు. ఆ విషయంలో ఈ వీధిలో ఎవరూ ఆవిడతో వాదించరు. కాయ కోసే దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరదు. నేను జానెడు బీరకాయ కోస్తే ఆవిడ ప్రాణం విలవిల్లాడుతుంది. "ఇంకో మూడు రోజులు ఉంచితే ఇద్దరికి సరిపోయే కాయ నలుగురికి సరిపోతుంది కదమ్మాయీ" అంటారు. ఆ మాటలో లోభం లేదు. అది అంగడికి కాయలు తూకం వేసి అమ్మిన ఇంటి లెక్క. ఇసుక మేటల పాదు వేరు. అక్కడ తీగకు కింద నది తడి ఉంటుంది, ఎకరాల కొద్దీ పాదులుంటాయి. బజారువాడికి చేతికందే సైజు కావాలి. ఇంటి వెనుక నాలుగు పాదులు, రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్లు ఉన్నచోట ఆ లెక్క తిరగబడుతుంది. పెరటిలో మనకు కావలసింది ఒక పెద్ద కాయ కాదు, మే నెలాఖరు దాకా తెగకుండా వచ్చే చిన్న కాయలు.

పైగా లేత కాయలో పారేసేది ఏమీ ఉండదు. లేత బీరకాయ తొక్కతో పచ్చడి చేస్తాం, లేత సొరకాయను గింజలతో సహా తరిగి పప్పులో వేస్తాం. ముదిరిన బీరకాయ తూకానికి ఎక్కువే. ఈనెలు చెక్కి, తొక్క తీసి, లోపలి పీచు పారేసి, గింజలు ఏరేశాక గిన్నెలో పడేది ఎంతో ఒకసారి తూచి చూస్తే అత్తగారి లెక్క నిలవదు.

బెండ విషయం దగ్గరగా చూడాల్సినది. తెల్లవారగానే పువ్వు విచ్చుకుంటుంది. లేత పసుపు రేకులు, లోపల గొంతు దగ్గర ముదురు ఎరుపు. ఎండ ఎక్కే వేళకు ముడుచుకుపోవడం మొదలుపెట్టి, మరుసటి రోజుకు వాడి రాలిపోతుంది. కింద గోరంత పచ్చటి మొన మిగులుతుంది. అది నాలుగు నుంచి ఆరు రోజుల్లో కూరకు వస్తుంది. సోమవారం పొద్దున విచ్చిన పువ్వు శనివారానికి కోతకు సిద్ధమన్నమాట. మా ఎండల్లో ఆ తరువాత దానికి ఉన్న గడువు ఒక రోజు, మహా అయితే రెండు. అప్పటికి కాయ పొడవు పెద్దగా పెరగదు, గోడల్లో పీచు మాత్రం కట్టేస్తుంది. వేళ్లతో కొన వంచితే టప్పున విరిగితే లేత. వంగి ఊరుకుంటే ముదురు. చూపుతో ఈ తేడా తెలియదు, చేతితోనే తెలుస్తుంది. కాండం మీద ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో మొగ్గ చొప్పున కింది నుంచి పైకి వరుసగా పూస్తూ పోతుంది. కింద ముదురు కాయ మిగిలిపోయిందంటే పైన మొగ్గలు చిన్నబోతాయి. ఆకు మాటున దాగిన ఒక్క కాయ పదిరోజుల తరువాత వేలెడు లావున బయటపడుతుంది. అందుకే బెండ కోసేటప్పుడు పైనుంచి చూస్తూ నడవకూడదు. మొక్క మొదలు దగ్గర వంగి కింది నుంచి పైకి చూడాలి. చేతికి నూగు గుచ్చుకుని దురద పెడుతుంది కాబట్టి పాత పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. లాగి తెంపితే కాండం తోలు ఊడుతుంది, కత్తెరతో తొడిమను కత్తిరించాలి. రోజు విడిచి రోజు ఈ పని తప్పదు. ముదిరిపోయిన కాయ కనబడితే కూరకు పనికిరాదని వదిలేయకుండా దాన్ని కూడా కోసి ఎరువు గుంటలో వేయాలి. అక్కరకు రాని కాయను కోయడం దేనికని వదిలేసేవాళ్లే ఎక్కువ. మొక్కకు అన్నిటికంటే బరువైన కాయ అదే.

బెండ రకాల గురించి ఒక మాట. మా వైపు పాతతరం వాళ్లకు పర్భణీ క్రాంతి పేరు బాగా తెలుసు. మరాఠ్వాడాలోని పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం పూసా సావని రకాన్ని అడవి బెండ జాతితో సంకరం చేసి తీసిన రకం అది. పూసా సావని పల్లాకు తెగులుకు లొంగిపోతుండడంతో ఆ అవసరం వచ్చింది. ఆకు ఈనెలు పసుపుగా మారి, ఆపై ఆకంతా పసుపెక్కే ఈ తెగులును తెల్లదోమ మోసుకొస్తుంది. వేసవిలో తెల్లదోమ ఉధృతి ఎక్కువ. రకం ఏదైనా సరే, ఈనెలు పసుపుబారిన మొక్క ఒకటి కనబడగానే పీకేయాలి. నాలుగు కాయలు కాస్తుంది కదా అని ఉంచితే వరుస మొత్తం పోతుంది.

ఇక తీగల సంగతి. జనవరి ఆఖరులోనో ఫిబ్రవరి మొదటి వారాల్లోనో గింజ పెడితే బీర ఉగాది తరువాత కాపుకు వస్తుంది, కాకర ఇంకొంచెం వెనుక. మార్చి దాటాక పెట్టిన తీగలు పందిరి ఎక్కేసరికి ఎండ ముదురుతుంది. పగటి వేడి, పొడుగు పగళ్లు ఎక్కువైనకొద్దీ ఈ జాతి తీగలు మగపూలే ఎక్కువగా పూస్తాయి. పూలు బోలెడు, కాయ ఒక్కటీ లేదు అని వాపోయే ఇళ్లలో సగం ఇళ్ల కథ ఇదే. ఆడపువ్వుకు వెనుక చిట్టి పిందె ఉంటుంది, మగపువ్వుకు సన్నటి కాడ మాత్రమే ఉంటుంది. తేనెటీగలు తగ్గిన ఊళ్లలో మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్య మొనకు మనమే అద్దాలి. వేళ మాత్రం తీగతీగకూ వేరు. దోస, కాకర, గుమ్మడి పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర సాయంత్రం వేళ, సొర పొద్దుగూకాక. తెల్లటి సొర పువ్వు చీకట్లో పందిరి కింద మెరుస్తుంటే, దాని దగ్గరకు వచ్చేవి రాత్రి తిరిగే చిమ్మటలు. పొద్దున లేచి సొర పువ్వుకు పుప్పొడి అద్దితే శ్రమ వృథా. అప్పటికే అది వాలిపోయి ఉంటుంది. ఇంత చేసి నిలబెట్టిన పిందెను కోయాల్సిన రోజున కోయకపోతే ఆ శ్రమంతా ఎందుకు?

సొరకాయకు గోరే కొలత. తొడిమ దగ్గర గోరు నొక్కితే తేలిగ్గా దిగి పచ్చటి రసం చెమర్చాలి, కాయ మీద సన్నటి నూగు ఇంకా ఉండాలి. నూగు పోయి నున్నగా మెరుస్తూ గోరు దిగకపోతే అది కూర కాయ కాదు. సొర గురించి ఇంకో జాగ్రత్త చెప్పి తీరాలి. తరిగేటప్పుడు కొసన చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి. ఉప్పు, కారం, చింతపండు వేసి చేదు విరిచే ప్రయత్నం చేయకూడదు. దోస జాతి మొక్కల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థాలు ఉంటాయి, అవి కొన్ని కాయల్లో విపరీతంగా పెరుగుతాయి. చేదు సొర రసం తాగి మనుషులు ప్రాణాలు కోల్పోయారు. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల బృందం 2012లో ప్రచురించిన నివేదికలో చేదు రసాన్ని తాగవద్దని స్పష్టంగా హెచ్చరించింది. ఎండకు తీగ అల్లాడిపోయి, నీళ్లు ఒకరోజు ముంచెత్తి మూడు రోజులు మానేసిన చోట కాయ చేదెక్కే అవకాశం ఎక్కువ. కాకర చేదు వేరు, దాన్ని ఇందులో కలపకండి.

కాకర దగ్గర కోతకు ఇంకో కారణం తోడవుతుంది. పండు ఈగ. తల్లి ఈగ లేత కాయ తోలును గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. గుచ్చిన చోట చిన్న చుక్క, కాస్త జిగురు. తరువాత కాయ ఒక పక్కకు వంకర తిరుగుతుంది, లోపల పురుగులు. కాయ తీగ మీద ఎన్ని రోజులు వేలాడితే ఈగకు అన్ని రోజులు అవకాశం ఇచ్చినట్టే. పిందె రెండు వేళ్లంత ఉన్నప్పుడే పాత వార్తాపత్రికతో గొట్టం చుట్టి కట్టి, బుడిపెలు నిండుగా విచ్చి లేత పచ్చగా ఉన్నప్పుడే కోస్తే పెరటికి మందు అక్కర్లేదు. మగ ఈగలను రప్పించే క్యూలూర్ అనే ఎర ఉన్న బుట్టలు అమ్ముతారు. అవి మగ ఈగలను పట్టి బలగాన్ని తగ్గిస్తాయి, మంచివే. కానీ పుచ్చిన కాయలను కోసి పందిరి కిందే పారేసే అలవాటు మానకపోతే ఎన్ని బుట్టలు కట్టినా లాభం లేదు. పురుగు కాయ నుంచి బయటికి వచ్చి మట్టిలో దూరి అక్కడే కోశంగా మారుతుంది, మళ్లీ ఈగై అదే పందిరి ఎక్కుతుంది. పుచ్చు కాయలను ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి రెండు రోజులు మే ఎండలో పడేస్తే చాలు. మా ఎండ మనకు చేసే మేలు ఇదొకటి. మంచి కాయలతో పాటు పుచ్చు కాయలు కూడా అదే రోజు అదే చేత్తో కోయాలి. వంగ కొమ్మల చివర వాలిపోయిన చిగుళ్లను తుంచడం కూడా ఈ పనిలో భాగమే, లోపల కాయతొలుచు పురుగు ఉంటుంది. వంకాయ నిగనిగలాడుతున్నప్పుడే కోయాలి. మెరుపు తగ్గి మసకబారిందంటే గింజ గట్టిపడినట్టు.

టమాటా గురించి జనం నా దగ్గర తరచూ బాధపడతారు. పండు ఎర్రబడడం లేదు, నారింజ రంగులోనే ఆగిపోతోంది అంటారు. దానికి ఎరువు లోపం కారణం కాదు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారు కాదు, పసుపు రంగు పదార్థాలు మాత్రం తయారవుతూనే ఉంటాయి. కాబట్టి మా ఊరి ఏప్రిల్‌లో చెట్టు మీద ఎర్రటి పండు కోసం ఎదురుచూడడం దండగ. అడుగున రంగు తిరగడం మొదలవగానే కోసి, ఇంట్లో నీడపట్టున, ఒక వరుసగా పరిచి పెడితే చక్కగా పండుతాయి. చెట్టుకు బరువు తగ్గుతుంది, పిట్టలకు, ఎండదెబ్బకు కాయ బలి కాదు. పగలు 35 దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత నిలవదు, పుప్పొడే పనిచేయదు. అప్పుడు మిగిలిన పచ్చికాయలన్నీ కోసి పచ్చి టమాటా పచ్చడి చేసుకుని మొక్కలు తీసేయడం ఉత్తమం. ఆ బిందెడు నీళ్లు గోరుచిక్కుడుకు పోయండి, అది ఎండను లెక్కచేయదు. అయితే గోరుచిక్కుడు కూడా ఆలస్యాన్ని క్షమించదు. గింజ బయటికి ఉబ్బిందంటే కాయ నారే.

ఆకుకూరల్లో ఈ సంగతి అందరికీ కాస్త తెలుసు కాబట్టి పొడిగించను. గోంగూర తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. బచ్చలి కొసలు కోసినకొద్దీ గుబురెక్కుతుంది. తోటకూరను పెరికేయకుండా కింద రెండు మూడు కణుపులు వదిలి కోస్తే ఇంకో కోత ఇస్తుంది. గంగవాయిలి కూరను ఎవరూ వేయకపోయినా తడి ఉన్నచోట అదే మొలుస్తుంది. మా పక్కింటి ఆజీ, అంటే మరాఠీ బామ్మ, దాన్ని ఘోళ్ అని ఏరుకుంటారు, మేము మామిడికాయ వేసి పప్పు చేసుకుంటాం. మిరపలో కూడా పచ్చివి కోస్తూ ఉంటేనే పూత వస్తూ ఉంటుంది. పండుమిరప కావాలనుకునేవాళ్లు ఒకటి రెండు మొక్కలను దానికే కేటాయించుకోవడం మేలు.

కోసే వేళ కూడా కోతంత ముఖ్యం. సూర్యుడు రాకముందు కాయ చల్లగా, నీటితో నిండి ఉంటుంది. తొమ్మిదింటికి కోసిన బెండకాయ లోపల ఎండ వేడి నిలిచి ఉంటుంది. తెంపాక కూడా కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి పెరిగినకొద్దీ ఆ వేగం పెరిగి తొందరగా వాడుతుంది. పొద్దున్నే కోసి, గంపలో తడి గోనె పరిచి కప్పి ఉంచితే సాయంత్రం దాకా కోసినట్టే ఉంటాయి. ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టకండి, ఆవిరి పట్టి చీకిపోతాయి. విదర్భ ఇళ్లలో కిటికీకి కూలర్ లేని ఇల్లు అరుదు. తడి ఆవిరవుతూ చల్లబరిచే ఆ కూలర్ సూత్రమే కూరలకూ పనికొస్తుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రెండు వరుసల ఇటుక గోడ కట్టి మధ్య సందులో ఇసుక పోసి తడిపే చల్లటి గదిని రూపొందించింది. కరెంటు అక్కర్లేదు. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లబడుతుంది, బయటి కంటే 10 డిగ్రీలకు పైగా తక్కువ ఉంటుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో కంటే మా దగ్గరే అది బాగా పనిచేస్తుంది. అంత కట్టుబడి చేయలేనివారు పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి మధ్యలో ఇసుక నింపి రెండు పూటలా తడిపితే ఇంటి మటుకు సరిపోతుంది. కూలర్ అడుగున మిగిలిన నీళ్లు మొక్కలకు పోసే అలవాటు మాత్రం మానుకోవాలి. నీరు ఆవిరైపోయి ఉప్పులన్నీ దాంట్లోనే మిగులుతాయి, కుండీ మట్టి తెల్లగా పెచ్చు కడుతుంది.

నీళ్ల గురించి అసలు చెప్పకుండా ఉండలేను, రెండే మాటలు. పాదు మీద మట్టి కనబడకూడదు. మా వైపు టేకు అడవులకు కొదవ లేదు, బల్లార్షా టేకు కలప పేరు దేశమంతా తెలుసు. వేసవికి ముందే రాలే ఆ పెద్ద ఆకులు వెడల్పుగా ఉంటాయి, త్వరగా కుళ్లవు. రెండు పొరలు పరిచి పైన కాస్త గడ్డి వేస్తే తడి ఆరదు. పాదు పక్కన కాల్చిన, పాలిష్ లేని మట్టికుండను మెడ దాకా పాతి నీళ్లు నింపి మూత పెడితే ఆ చెమ్మను వేళ్లే వెతుక్కుంటాయి.

పెళ్లిళ్ల కాలం మా పెరళ్లకు పెద్ద గండం. మే నెలలో మంచిర్యాలలో ఒక పెళ్లి, కరీంనగర్‌లో ఒక గృహప్రవేశం, పిల్లలకు అమ్మమ్మ ఊరు. వారం పది రోజులు ఇంటికి తాళం. వెళ్లేముందు అందరూ పక్కింటివాళ్లకు గేటు తాళం ఇచ్చి మొక్కలకు నీళ్లు పోయమని అడుగుతారు. కాయలు కోయమని ఎవరూ అడగరు. పక్కింటివాళ్లు మర్యాదస్తులు కాబట్టి పరాయి ఇంటి కాయ ముట్టుకోరు. నీళ్లు శ్రద్ధగా పోస్తారు. తిరిగొచ్చేసరికి మొక్క పచ్చగా ఉంటుంది, కాయలన్నీ ముదిరి వేలాడుతుంటాయి, పైన పూత ఉండదు. అక్కడితో ఆ ఏటి బెండ అయిపోయినట్టే. నీళ్లు తప్పలేదు, ఎరువు తప్పలేదు, కోత తప్పింది. మేము ఊరెళితే ఆజీ ఇంటివాళ్లు మా పెరటి కాయలు కోసుకుని వండుకుంటారు. వాళ్లు పంఢరపూర్ వెళితే వాళ్ల గవార్ (గోరుచిక్కుడు), పందిరి మీది దోడకా (బీర) మేము కోసుకుంటాం. ఇందులో ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క ఎవరూ వేయరు. తాళం ఇచ్చేటప్పుడే "రోజు విడిచి రోజు కోయండి, కోసినవి మీవే" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ కోయరు.

అత్తగారు చెప్పే ఇంకో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర ఎదురు మాట లేదు, అది ముమ్మాటికీ నిజం. "అన్నీ లేతగా కోస్తే వచ్చే ఏటికి విత్తనం ఎక్కడిది?" సంకర విత్తనం ఏటేటా కొనాల్సిందే కానీ, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చిన బీర, బుడమ దోస అంగట్లో దొరకవు. అందుకే మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. కాపు ఊపు మీద ఉన్నప్పుడు, రోగం లేని, రుచి చూసిన ఒకే ఒక్క పాదును ఆవిడ ఎంచుకుంటారు. దాని మీద రెండు మూడు కాయలకు ఎర్ర గుడ్డ పేలిక కడతారు. పేలిక కట్టిన కాయను నేను ముట్టుకోను, పేలిక లేని కాయ జోలికి ఆవిడ రారు. ఆ పాదు త్వరగా అలిసిపోతుందని ఇద్దరికీ తెలుసు, మిగిలిన పాదులు కూర చూసుకుంటాయి. దగ్గరలో ఇంకో రకం బీర ఉంటే మాత్రం విత్తనం కలిసిపోతుంది. అందుకు ఆడపువ్వుకు ముందురోజే పల్చటి గుడ్డ సంచి కట్టి, అదే రకం మగపువ్వుతో అద్ది, మళ్లీ కట్టేయాలి. గుమ్మడి, బూడిదగుమ్మడి, పప్పులో వేసే పసుపు దోస వీటికి ముదరడమే కోత కాబట్టి అక్కడ మా మధ్య గొడవ లేదు. బొబ్బర్లలోనూ కొంత వరుసను గింజకు వదిలేస్తాం.

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని మనవాళ్లు అంటారు. ఇక్కడివాళ్లు మే 25 నుంచి మొదలయ్యే ఆ రోజులను నవతపా అంటారు. ఆ తొమ్మిది రోజులూ కొత్త పిందె మీద ఆశ పెట్టుకోను. ఉన్న లేత కాయలన్నీ, చిన్నవైనా సరే, కోసేస్తాను. ఆకు బతికుంటే చాలు. మృగశిరకు ముందు వంగ మొక్కలను మోకాలి ఎత్తున కత్తిరించి, పాదు గుల్లచేసి ఎరువు వేస్తే తొలకరికి కొత్త కొమ్మలతో మళ్లీ కాపుకు వస్తాయి. బెండ, బీర తీగలను పీకేసి ఎరువు గుంటకు చేర్చాలి, తెగులు తగిలినవాటిని విడిగా కాల్చాలి. పేలికలు కట్టిన బీరకాయలు అప్పటికి గోధుమరంగు తిరిగి, ఊపితే లోపల గింజ గలగలలాడుతుంటుంది. కొన విరిచి గింజలు రాల్చి, తేలికవి చెరిగేసి, నీడలో ఆరబెట్టి, వేపాకు వేసి మట్టిపిడతలో మూత గట్టిగా బిగించాలి. వానాకాలపు విత్తుకు అందులో సగం తీస్తాం, మిగతా సగం జనవరి దాకా అలాగే ఉంచుతాం.